పద్నాలుగో కొక్కెం

కొంగలని పేరు పెట్టుకున్న జట్టు ఎగిరిపోక ఇంకేం చేస్తుంది అని విల్కుపే ఊళ్ళో ఒక పాత ఎగతాళి. నెమునస్ నది ఒడ్డున అంత చిన్న ఊరికి అంత మంచి బాస్కెట్‌బాల్ జట్టు ఉండడమే ఒక వింత. ఇక్కడ పిల్లాడు నడకతోపాటే బంతి నేర్చుకుంటాడు, తాటిచెట్టంత పెరుగుతాడు, నాలుగు ఆటలు గెలిపిస్తాడు. ఈలోగా ఏ పట్నం క్లబ్బో డబ్బు చూపిస్తుంది. అంతే, రెక్కలొచ్చేస్తాయి. అందుకే రెండు మూడేళ్ళకొకసారి ఊరంతా హాల్లో చేరి ఒకటే రచ్చ: ఉన్నవాణ్ణి ఉంచుకోవడానికి ఇల్లు ఊడ్చి ఇవ్వాలా, వద్దా?

ఆ హాల్లో కోట్ల గది టెక్లేది. చలికాలం ఆటకు వచ్చిన ప్రతివాడూ మంచు దులుపుకుని, బరువు కోటు విప్పి ఆమెకు అందించాల్సిందే. ఆమె దాన్ని కొక్కేనికి తగిలించి, ఆ కొక్కెం అంకె చెక్కిన ఇత్తడి బిళ్ళ చేతిలో పెడుతుంది. మనసు మంచిదే గానీ నోరే మంచిది కాదు. కోటు మెడ దగ్గర తగిలించే పట్టీ తెగి ఉందో, ఆ మనిషి పని అయిపోయినట్టే. "ఇంట్లో సూది లేదా, సూది పట్టే చెయ్యి లేదా? దీన్నెక్కడ తగిలించను, నా నెత్తి మీదా?" అని అందరి ముందూ కడిగేస్తుంది. మేయరైనా ఒకటే, పాలవాడైనా ఒకటే.

పద్నాలుగో కొక్కెం మాత్రం ఎవరికీ ఇవ్వదు. ఆ కొక్కేనికి బొగ్గు రంగు ఉన్ని కోటు ఒకటి పాతికేళ్ళుగా వేలాడుతోంది. అది ఆమె మొగుడు సిగితస్‌ది. కొత్తవాళ్ళెవరైనా "అదెవరిదండీ?" అంటే పక్కవాళ్ళు మోచేత్తో పొడుస్తారు. ఆట ఊపందుకుని జనం కాళ్ళతో నేల దద్దరిల్లగొడుతున్నప్పుడు కొక్కేలన్నీ వణుకుతాయి, కోట్లన్నీ వణుకుతాయి. గోల ఆగగానే అన్నీ ఆగుతాయి. ఆ ఒక్క కోటూ ఇంకాసేపు ఊగి ఆగుతుంది. అప్పుడు వెనకాల బల్ల మీద బిళ్ళ పెట్టిన చప్పుడు టక్కున వినిపిస్తుంది టెక్లేకి. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. అయినా ప్రతిసారీ తిరిగి చూస్తుంది, పిచ్చిది.

ఈ బిళ్ళల సంగతి ఒకటి చెప్పాలి. చేతులెత్తి ఓటెయ్యడమంటే ఈ ఊరివాళ్ళకి ఒళ్ళుమంట. మాస్కో ఏలిన రోజుల్లో ఎత్తీ ఎత్తీ భుజాలు పడిపోయాయి. ఎత్తనివాడి పేరు ఎవడో రాసుకునేవాడు. అందుకని స్వతంత్రం వచ్చాక క్లబ్బు పెద్దలు తమ పద్ధతి తాము పెట్టుకున్నారు. మీటింగు చలికాలంలోనే. కోటున్నవాడికి బిళ్ళ, బిళ్ళ ఉన్నవాడికి ఓటు. స్కోరు రాసే బల్ల మీద రెండు బక్కెట్లు పెడతారు. డబ్బిచ్చి ఉంచుదామంటే నీలం బక్కెట్లో, పోనిద్దామంటే తెల్లదాంట్లో బిళ్ళ వెయ్యాలి. అయ్యాక ఎవరి కోటు వాళ్ళు చూపించి పట్టుకుపోతారు. వేసవిలో మన ఊళ్ళో ప్రజాస్వామ్యం ఉండదని నవ్వుకుంటారు. ఆటగాళ్ళకి మాత్రం ఓటు లేదు. కోటు వాళ్ళదీ తగిలిస్తారు, బిళ్ళా ఇస్తారు, కానీ తన బేరం తానే ఆడకూడదని బక్కెట్ల దగ్గరికి రానివ్వరు.

పాతికేళ్ళ కిందట టెక్లే జున్ను ఫ్యాక్టరీలో పనిచేసే కొత్త పెళ్ళికూతురు, మొగుడు కొంగల జట్టులో మేటి ఆటగాడు. సిగితస్‌ని ఉరల్ కొండల అవతల క్లబ్బు పిలిచింది. ఇక్కడే ఉంచాలంటే జీతం మూడింతలు చెయ్యాలి. ఓటు వేసే వరసలో ఆమె వెనక పొరుగింటి వలేరియా నిలబడింది.

"వెయ్యవే, నీలందాంట్లో వెయ్యి! ఊరి సొమ్ము మొగుడి జేబులోకి, అక్కణ్ణుంచి నీ ఒంటిమీదకి గొర్రెతోలు కోటూ! నీకేం తల్లీ, మహారాణివి!"

వరసంతా గొల్లుమంది. టెక్లేకి తల కొట్టేసినట్టయింది. నాకెవరి సొమ్మూ అక్కర్లేదని నిరూపించాలన్న పొగరు ఎక్కడ్నుంచి వచ్చిందో గానీ, చెయ్యి చాచి తెల్ల బక్కెట్లో పడేసింది. ఒక్కటంటే ఒక్క బిళ్ళ తేడాతో తెలుపు గెలిచింది. తలెత్తేసరికి సిగితస్ కోట్ల గది గుమ్మంలో నిలబడి ఆమెనే చూస్తున్నాడు. ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆ వారమే జట్టు జాకెట్టు వేసుకుని బయల్దేరాడు.

"కోటేదయ్యా? అక్కడ చలికి చచ్చిపోతావు!"

"హాల్లోనే ఉండిపోయింది. ఉండనీ. వచ్చాక తీసుకుంటాలే, బిళ్ళ నా దగ్గరే ఉందిగా."

ఆ మాట పట్టుకునే బతికింది టెక్లే. బిళ్ళ దగ్గరుందంటే వస్తాననే కదా. రెండు నెలలకి మంచు గడ్డకట్టిన రోడ్డు మీద వాళ్ళ బస్సు పల్టీ కొట్టింది. మనిషి పెట్టెలో వచ్చాడు, సామాను సూట్‌కేసులో వచ్చింది. బూట్లు కూడా బోర్లించి వెతికింది గానీ బిళ్ళ లేదు. ఆయనతోనే పోయిందనుకుంది. ఫ్యాక్టరీ మానేసి కోట్ల గదిలో పనికి చేరింది. జీతం తక్కువైనా ఎందుకు చేరిందో అంతా ఊహించారు. ఎవరూ అడగలేదు. ఆ కోటుకి దుమ్ము దులిపేది తప్ప జేబులో చెయ్యి పెట్టేది కాదు. పెడితే ఖాళీగా తిరిగొస్తుంది కదా, అదీ భయం. నిద్రపట్టని ప్రతిసారీ ఒకటే లెక్క: ఆ బిళ్ళ నీలంలో వేసి ఉంటే?

మళ్ళీ ఇన్నాళ్ళకి గీతిస్ వంతు వచ్చింది. పాతికేళ్ళు నిండని కుర్రాడు, ఊరి కళ్ళన్నీ వాడిమీదే. ఆట ముందు కోట్ల గది బల్ల మీద ఎక్కి కూర్చుని, వెల్లుల్లి రాసి వేయించిన నల్లరొట్టె నమలడం వాడికి అలవాటు. స్పెయిన్ క్లబ్బు ఒకటి వాణ్ణి అడిగింది. వాడి ఒప్పందంలో ఒక మెలిక ఉంది. బయటివాళ్ళు ఇస్తానన్నంతా ఊరి క్లబ్బే ఇస్తే వాడు కదలడానికి లేదు. ఆ సొమ్ము వింటే కళ్ళు తిరుగుతాయి.

ఆ సాయంత్రం కోటు ఇచ్చిన ప్రతివాడికీ బిళ్ళతోపాటు హెచ్చరిక కూడా ఇచ్చింది టెక్లే.

"నీలం. గుర్తుందా? తెల్లదాంట్లో వేశావో, నీ కోటు నువ్వే వెతుక్కో."

లోపల జున్ను ఫ్యాక్టరీ యజమాని బగ్దోనస్ మైకు అందుకున్నాడు. క్లబ్బు అధ్యక్షుడూ ఆయనే. "గీతిస్ పోతే మనం కింది లీగులో పడతాం. కింది లీగు ఆట మా ఆవులు కూడా చూడవు!"

"ఆ డబ్బుతో చిన్నపిల్లల జట్లన్నీ ఏళ్ళ తరబడి నడుస్తాయి" అని లేచింది వలేరియా. ముసలిదైపోయింది, నోరు మాత్రం కుర్రదే. "అంతా తెచ్చి ఒక్కడి కాళ్ళ దగ్గర పోస్తారా? రేపు మోకాలు విరిగితేనో?"

"మోకాలికి బీమా ఉందమ్మా!"

"మరి నీ బుర్రకో?"

నవ్వులు, ఈలలు, బల్లల మీద చరుపులు. సగం హాలు ఇటు, సగం అటు. టెక్లేకి పాతికేళ్ళ కిందటి గోలే మళ్ళీ వింటున్నట్టుంది. ఈసారి తప్పు చెయ్యను, చచ్చినా చెయ్యను అనుకుని తన బిళ్ళ పిడికిట్లో బిగించింది.

అప్పుడే పెరటి గుమ్మంలోంచి గీతిస్ వచ్చాడు. ప్రాక్టీసు చొక్కా మీదే మంచులో అడ్డంపడి వచ్చినట్టున్నాడు. పద్నాలుగో కొక్కెం కింద పీట మీద కూలబడ్డాడు. భుజాలు వణుకుతున్నాయి.

"చచ్చిపోతావురా వెధవా!" అంటూ టెక్లే దగ్గర్లో ఉన్న కోటు లాగి వాడి మీద కప్పేసింది. కప్పాక గానీ ఏ కోటు లాగిందో తెలియలేదు. అయినా తియ్యమనలేదు. భుజాలు అచ్చంగా సరిపోయాయి.

"పిన్నీ, నువ్వు దేన్లో వేస్తున్నావు?"

"అడగాలా? నీలంలో. నిన్ను పోనిస్తానా?"

"అదే అంటున్నా. అడగరేం?"

"ఏం అడగాలిరా?"

"నాకు వెళ్ళాలనుందో లేదో." వాడు తలెత్తాడు. "నేను వెళ్ళాలి పిన్నీ. ఇక్కడ నాతో ఆడేవాళ్ళు లేరు, నన్ను ఓడించేవాళ్ళు లేరు. ఊరంతా నన్ను ముద్దు చేస్తూనే పాతిపెట్టేస్తోంది. వాళ్ళు అంత సొమ్ము ఇస్తున్నది నాకు కాదు, నేను కదలకుండా ఉండడానికి. ఒక్కరూ అడగలేదు. మా నాన్న కూడా."

సిగితస్‌ని టెక్లే అడిగిందా? ఊరు తరిమేస్తుందా ఉంచుతుందా అన్నదే ఆలోచించింది గానీ, నీకేం కావాలయ్యా అని ఒక్కనాడూ అడగలేదు.

చలికి గీతిస్ చేతులు జేబుల్లో దోపుకున్నాడు. "ఇదేదో చినిగిపోయింది" అంటూ వేళ్ళు అస్తరులోకి పోనిచ్చి, కోటు అంచుదాకా తడిమి, ఏదో బయటికి లాగాడు.

"ఇక్కడి బిళ్ళే పిన్నీ. పద్నాలుగు."

ఆమె దాన్ని అరచేతిలో పెట్టించుకుంది. ఇత్తడి నల్లబడింది. అంకె మాత్రం స్పష్టంగా ఉంది. బిళ్ళ నా దగ్గరే ఉందిగా అన్నాడు. లేదు. కోటూ బిళ్ళా ఒకచోటే వదిలేసి వెళ్ళాడు. తీసుకోవడానికి రావాలనుకున్నవాడు చేసే పని కాదది. మరి ఎప్పుడు పెట్టాడు? తన ఓటు చూశాక గుండె విరిగి పెట్టాడా, బక్కెట్లు తేకముందే మనసులో ప్రయాణం కట్టేసుకుని పెట్టాడా? తన వల్లే పోయాడా, తను లేకపోయినా పోయేవాడా? ఎవర్ని అడిగితే చెబుతారు? వెక్కి వెక్కి ఏడవాలనిపించింది. పాతికేళ్ళు ఈ కోటుకి కాపలా కాసింది. అది కాస్తా ఆమెకి అబద్ధం చెప్పింది.

లోపల ఓట్లు మొదలయ్యాయి. వరసలు కదులుతున్నాయి, బిళ్ళలు పడుతున్న చప్పుడు.

"లే" అంది టెక్లే. "ఇదిగో, పట్టు. కోటు ఎవరి ఒంటిమీద ఉంటే బిళ్ళ వాడిది."

"నాకు ఓటు లేదు కదా?"

"నడవరా, నేనున్నాను."

హాల్లోకి ముందు గీతిస్ అడుగుపెట్టాడు, బొగ్గు రంగు కోటులో, తల వంచుకుని. గోల ఎక్కడిదక్కడ ఆగిపోయింది. పాతవాళ్ళు కొందరు లేచి నిలబడ్డారు. వలేరియా "యేసూ, మరియా!" అంటూ గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది.

బగ్దోనస్ తేరుకున్నాడు. "ఆటగాళ్ళు ఓటెయ్యకూడదు. రూలు రూలే."

"ఈ ఓటు ఆటగాడిది కాదయ్యా, మా ఆయనది" అంది టెక్లే. "కోటు నా గదిలో తగిలించిందే, బిళ్ళ ఇదిగో ఉంది. ఇక ఆడతాడా అంటావా, చచ్చిపోయినవాడు ఏ జట్టుకీ ఆడడు."

గీతిస్ చెయ్యి చాచాడు. తెల్ల బక్కెట్లో ఖంగుమంది. వాడి వెనకే టెక్లే తన బిళ్ళ కూడా తెల్లదాంట్లోనే వేసింది. మళ్ళీ అదే బక్కెట్టు. ఈసారి వెనకాల ఎవరూ నవ్వలేదు.

తెలుపే గెలిచింది. ఎంత తేడాతోనో ఆమె వినలేదు.

వెళ్ళే రోజున గీతిస్ కోటు మడిచి తెచ్చాడు. "స్పెయిన్లో ఉన్ని కోటేం చేసుకోను పిన్నీ?"

"వేసుకోమన్నానా? ఇక్కణ్ణుంచి పట్టుకుపో."

మరుసటి చలికాలానికి కొంగలు కింది లీగులో పడ్డాయి. హాలు సగం కూడా నిండలేదు, కొక్కేలు బోలెడు ఖాళీ. అయినా మొదటి ఆట రోజు, ముందుగా వచ్చిన మనిషికి టెక్లే పద్నాలుగో బిళ్ళే ఇచ్చింది. ఎవరో పొరుగూరి లావుపాటాయన, పట్టీ తెగిన తడి కోటు. ఆ పూట తిట్టడం కూడా మర్చిపోయింది.

ఆట అయ్యాక వెనకాల బల్ల మీద టక్కున చప్పుడైంది. ఆమె చెయ్యి ఉన్నచోటే ఆగిపోయింది.

"పద్నాలుగు" అంది మగ గొంతు.

టెక్లే తిరిగి, కోటు ఇచ్చే ముందు ఆ మొహం వంక చాలాసేపు చూసింది. ఆ లావుపాటాయనే.

"పట్టీ కుట్టించుకోండి" అంది, కోటు అందిస్తూ.