ఆదిలాబాదులో రెండుసార్లు పరుగెత్తిన వంద గజాలు

ఏడేళ్ళు నేను పరుగెత్తలేదు. ప్రసంగాలు మొదలుపెట్టిన ఏడాదే, పందేలు లోకసంబంధమైనవని నాకు నేనే తీర్పు చెప్పుకుని మానేశాను. కానీ పందెంలో అందరూ పరుగెత్తినా బహుమానం ఒక్కడికే, అది దక్కేలా పరుగెత్తండి అని బైబిల్లో అపొస్తలుడు రాసిన మాట మాత్రం విడిచిపెట్టలేదు. మంథని చుట్టూ నేను దాన్ని గొంతు చించుకుని చెప్పని ఊరు లేదు. మొన్న వానాకాలం ఒక కూడికలో మా సంఘపెద్ద ఏసోబు తాత అడ్డం తగిలాడు. "ఉరుకుండ్రి ఉరుకుండ్రి అని మమ్ముల తరుముతవు. నువ్వు ఉరుకంగ ఎవ్వలు చూసిండ్రయ్యా?" అందరూ నవ్వారు. ఆదిలాబాదు కోతపండుగలో పెద్దవాళ్ళ పందెం న్యాయంగా పరుగెత్తి వచ్చేదాకా ఆ వాక్యం మళ్ళీ ఎత్తనని అక్కడే ఒట్టు పెట్టుకున్నాను. ముప్పై ఆరేళ్ళ ఒళ్ళు. మూడు నెలలు పొద్దుపొద్దున్నే గోదావరి ఇసుకలో ఉరికాను. మొదటివారం పిక్కలు పట్టేసి, మోకరించి ప్రార్థన చేస్తే లేవడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది.

శుక్రవారం పొద్దున ఆరింటి బస్సుకు మంథనిలో ఎక్కి, పెద్దపల్లి మీదుగా కరీంనగరు చేరాను. అక్కడ పదింటికి నిర్మల్ బస్సు దొరికింది. జగిత్యాల దాటి, సోన్ దగ్గర గోదావరి వంతెన దాటి, నిర్మల్‌లో దిగేసరికి నాలుగు. రానుపోను ఛార్జీలు పన్నెండు రూపాయలు దాటవు. ఆదిలాబాదు బస్సు ఘాటు రోడ్డు ఎక్కేముందు ఆగింది. ఇంజనులో నీళ్ళు పోస్తూ డ్రైవరు అడిగాడు.

"అయ్యగారూ, పండుగకా?"

"పరుగు పందేనికి."

"పోరలు ఉరుకుతరా?"

"నేనే."

అతను నా కాళ్ళు చూశాడు, తర్వాత బస్సును చూశాడు. "గీ బండి సుత మీ తీర్గనే. ఎక్కుతది గని, జర సతాయిస్తది."

శనివారం ఎనిమిదింటికి పత్తి మిల్లు వెనక మైదానంలో ఎనిమిది మందిమి గీత మీద నిలబడ్డాం. అంతా నల్లరేగడి, ఇసుకకు అలవాటైన కాలు అక్కడ కుదురుకోదు. ఆ పండుగలో ఈల ఊదరు. ఒకరు ప్రార్థన చేస్తారు, ఆమెన్ అనగానే పరుగు. దూరం నుంచి వచ్చిన ప్రసంగీకుణ్ణని ఆ ప్రార్థన నాకే అప్పగించారు. నేను అలవాటు కొద్దీ వానలకూ, రోగులకూ, దేశానికీ ప్రార్థించాను. "అయ్యగారూ, కాళ్ళు తిమ్మిరెక్కినయ్" అని పక్కన ఎవరో గొణిగారు. ఆమెన్ అని దూకాను. చివర్లో పిక్క పట్టేసినా గెలిచాను.

బహుమానంగా ఇత్తడి చెంబు చేతిలో పెట్టారు. రెండోవాడిగా వచ్చిన మిల్లు కూలీ లక్ష్మణ్ చెమట తుడుచుకుంటూ అన్నాడు: "మంచిగ ఉరికిండ్రు. గని ఆమెన్ ఎప్పుడొస్తదో మాకెవ్వలకు ఎర్కలే. మీకొక్కలకే ఎర్క."

అతనికి కోపం లేదు. నాకే వచ్చింది. జవాబుగా రెండు లేఖనాలు నాలుక చివరిదాకా వచ్చాయి. రెండూ అతని పక్షానే ఉన్నాయి. నియమం తప్పి పోరాడినవాడికి కిరీటం లేదు. చెంబు బల్లమీద పెట్టేసి, "మళ్ళీ పరుగు పెట్టండి. ప్రార్థన వేరేవాళ్ళు చేయాలి" అన్నాను.

పండుగ పెద్ద విసుక్కున్నాడు. "గెలిచినంక మల్ల ఏం పరేషాన్? మీరు కుంటుతనే ఉన్నరు."

"కుంటుతూనే పరుగెత్తుతాను."

పొయ్యి దగ్గర రొట్టెలు చేస్తున్న శాంతమ్మను పిలిచారు. ఆమె పిండి చేతులు అలాగే జోడించింది. "దేవా, ఎవ్వలు పడకుంట చూడు. ఆమెన్." నేనింకా కళ్ళు మూసుకుంటున్నాను, లక్ష్మణ్ అప్పటికే గజం ముందున్నాడు. పళ్ళు బిగబట్టి తరిమాను. ఇద్దరి తర్వాత మూడోవాణ్ణయ్యాను.

తిరుగు ప్రయాణంలో పిక్క కొట్టుకుంటూనే ఉంది, మనసు మాత్రం నిమ్మళంగా ఉంది. గెలిచేవాడి గురించి ఏడేళ్ళు ఉరిమాను. గీత మీద పక్కన నిలబడ్డ మనిషిని ఒక్కనాడూ చూడలేదు. ఈ ఆదివారం ఆ వాక్యం ఎత్తుతాను, నేను మూడోవాడినని చెప్పి మొదలుపెడతాను. వచ్చే కోతపండుగకు పోయేవాళ్ళకు ఒక్క సలహా: పరుగెత్తదలిస్తే, గీత మీద ప్రార్థన మాత్రం ఒప్పుకోకండి.