ముఖేడ్ కింద ఎవరూ కొలవని నేల

రిపోర్టులో ఆ పటం చూసిన రోజే నాకు ఒళ్లు మండింది. ముఖేడ్ చుట్టుపక్కల నల్లరాతి కింద ఏముందో గురుత్వ కొలతలతో మా ఆఫీసు గీసిన పటమది. బరువైన రాయి ఉన్నచోట భూమి ఆకర్షణ కాస్త ఎక్కువ, ఇసుకరాతి పొరలున్నచోట తక్కువ. ఆ తేడాలను బట్టి లోపలి ఆకారం లెక్కగడతాం. పటంలో గీత మాత్రం ఎక్కడా వంపన్నది లేకుండా నున్నగా సాగింది. నిజంగా కొలిస్తే అంత నున్నగా రాదు. అనుమానమొచ్చి బయలుదేరాను.

సికింద్రాబాద్‌లో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి నాందేడ్. స్టేషను దగ్గర లాడ్జిలో స్నానం, పోహా, చాయ్. ఎనిమిదింటికి ముఖేడ్ బస్సు. అక్కడ సర్కారు బస్సుల్లో ఆడవాళ్లకు సగం టికెట్టే. కుదుపులకు పాడవకుండా యంత్రాన్ని ఒళ్లో పెట్టుకున్నాను. పక్క సీట్లో ఒక రైల్వే ఉద్యోగి భార్య.

"ఏముందమ్మా గీ డబ్బాల?"

"భూమి ఆకర్షణ కొలిచే మిషనండీ."

"మంచిగ కొలువు. మొన్న భూమి కదిలితే మా గిన్నెలన్ని కింద పడ్డయ్."

ముఖేడ్‌కు ముందే ఒక ఊళ్లో దిగి, రోడ్డు నుంచి లోపలికి నడిచాను. పటంలో పెట్టిన చుక్క ప్రకారం అక్కడి కూలీల వాడలో మావాళ్లు కొలత తీశారు. గంగుబాయి అనే తెలుగావిడ వాకిట్లో పత్తికట్టెలు పేరుస్తోంది. వెనక గోడ నిలువునా పగిలి ఉంది.

"ఇక్కడికి ఎవరైనా మిషను తెచ్చారా అక్కా?"

"ఎవ్వలు రాలే. ఒక జీపొచ్చి సడక్ మీదికెల్లే మర్లిపోయింది. మల్ల ఎప్పుడు కదుల్తదో చెప్తదా నీ మిషను?"

"చెప్పదు. కింద ఎలాంటి రాయి ఉందో చెబుతుంది. కదిలితే ఎక్కడ ఎక్కువ ఊగుతుందో అంచనా కట్టాలంటే అది తెలియాలి."

"గదన్న సక్కగ చెప్పుండ్రి మరి!" అని కసిరింది. మిషను దించి పని మొదలుపెట్టాను.

వాడలో కొలత పటంలో ఉన్నదానికన్నా బాగా తగ్గింది. రోడ్డు దగ్గర మొదట కొలిచిన చోటికి వెళ్లి యంత్రాన్ని సరిచూసుకుని, మళ్లీ వచ్చి కొలిచాను. అంతే వచ్చింది. కింద తేలికైన పొరలేవో మందంగా ఉండి ఉండాలి. మా పెద్దసారుకు ఫోన్ చేసి చెప్పాను.

"ఒక్కచోటు కోసం మోడలంతా మారుస్తామా? వదిలెయ్."

"ఇక్కడ మనవాళ్లు కొలిచింది ఎంత సార్?"

"చుట్టుపక్కల అంకెల నుంచి లెక్కగట్టాం."

"మరి కొలిచినట్టు ఎందుకు వేశారు?"

ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు తిరుగు రైల్లో, ధర్మాబాద్ దాటకముందే, నా కొలతలు జతచేసి ఆఫీసులో అందరికీ రాశాను: పటంలో ఆ దొంగ చుక్కయినా తీసేయండి, రిపోర్టులో నా పేరైనా తీసేయండి. సాయంత్రంలోగా నా పేరు తీసేశారు. కొలతలు మాత్రం అందరి దగ్గరా ఉన్నాయి.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. నాందేడ్ నుంచి రోడ్డు బాగుంది. బస్సులు దండిగా ఉన్నాయి. ఊళ్లోకి నడక తక్కువే. వెళ్లకుండా ఉండటానికి నాకు ఒక్క కారణమూ కనిపించలేదు.