నా సమాధికి దారి

రాగం తప్పిందని నలుగురిలో అన్నందుకు మా ఆయన నాకు తలాక్ చెప్పాడు. రెండేళ్ల తరవాత నన్ను చంపేశాడు. కడపలో ఒక పెళ్లిలో సన్నాయి వాయిస్తూ కళ్లనీళ్లు పెట్టుకున్నాడట. ఎందుకని పెద్దమనిషెవరో అడిగితే, "నా పెండ్లాం పోయింది సామీ, ఈ రాగం ఎత్తుకుంటే ఆమే కండ్ల ముందరికొస్తాది" అన్నాడట. ఆ రోజు కప్పిన శాలువాతో ఆయన దశ తిరిగింది. అప్పట్నుంచి డోన్ దాకా ప్రతి పెళ్లిలోనూ నేను ఒకసారి చస్తూనే వచ్చాను.

నేను వేంపల్లెలో మా అమ్మ దగ్గర నిక్షేపంలా ఉన్నాను. సన్నాయి మొనన నోట్లో పెట్టుకునే గడ్డి పీకలు చేసి బతికేదాన్ని. గడ్డి నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి, అంచు చెక్కాలి. చెక్కడం ఒక్క గీత ఎక్కువైతే సన్నాయి గొర్రెపిల్లలా అరుస్తుంది. కాపురం చేసిన తొమ్మిదేళ్లూ, ఆ తరవాతా ఆయన నోట్లో ఉన్నది నా పీకే. డోలు వాయించే మరిది నెలకోసారి వచ్చి పట్టుకెళ్లేవాడు. పీకలెక్కడివని ఎవరైనా ఆయన్ని అడిగితే మాత్రం "తంజావూరు నుంచి తెప్పిస్తాండా" అనేవాడు ఆ మహానుభావుడు. చంపినందుకు నాకంత కోపం లేదు. ఈ తంజావూరు మాటకే ఒళ్లు మండేది.

నన్ను పుట్టినూళ్లోనే మట్టి చేశామని కూడా చెప్పాడట. రసికులు నా సమాధి వెతుక్కుంటూ వచ్చి, వాకిట్లో పీక చెక్కుకుంటున్న నన్నే అడిగేవారు.

"అమ్మా, సన్నాయి ఆయప్ప పెండ్లాం సమాధి యాడ ఉండాది?"

మొదట్లో "నేనే" అన్నాను. ఒకాయన నన్ను కిందికీ మీదికీ చూసి, "తప్పమ్మా, సచ్చినోళ్లతో ఎగతాళి సేయగూడదు" అని బుద్ధి చెప్పి పోయాడు. ఇక లాభం లేదని మా మేనత్త సమాధి చూపించడం మొదలుపెట్టాను. బతికున్నప్పుడు ఎవరూ పలకరించని మేనత్తకు వారం వారం మల్లెపూలు.

ఒక ఏడు మా ఊరి రెడ్డిగారింట్లో పెళ్లికి ఆయనే మేళంతో దిగాడు. ముందురోజు మరిది వచ్చి గుమ్మంలో గొణిగాడు.

"వదినా, పెండ్లికొడుకోళ్లు నందికొట్కూరోళ్లు. నువ్వు సచ్చినావనే అనుకుంటాండారు. రేపు ఇల్లు కదలొద్దు."

"సచ్చినదానికి పనేముంటాదప్పా, కూసుంటాలే" అన్నాను.

కూర్చోలేకపోయాను. నా పీక ఆయన నోట ఎలా పలుకుతుందో విని ఏడేళ్లయింది. పొద్దున్నే వెళ్లి ఆడవాళ్ల వెనక నిలబడ్డాను. ఆయన కాసేపు వాయించి, మధ్యలో ఆపి నా చావు చెప్పి, మళ్లీ ఎత్తుకున్నాడు. నాతో రోజూ నీళ్లకు వచ్చే మా వీధి ఆడవాళ్లు కూడా కొంగులు తడుపుకున్నారు. నిజం చెబుతున్నా, నాకూ ఏడుపొచ్చింది. పాపం, మంచి మనిషే పోయిందనిపించింది.

అప్పుడే పీక మొరాయించింది. మార్చి పెట్టిన రెండోది గొర్రెపిల్ల. ముహూర్తం ముంచుకొస్తోంది, గట్టిమేళం పలకాలి. ఆయన కళ్లు జనంలో దేవులాడి నా మీద ఆగాయి. నేను వెళ్లకపోతే మేళం ఆగిపోతుంది. వెళితే నేను బతికున్నట్టు తేలిపోతుంది. నా కాళ్లు నన్నడక్కుండానే నడిచాయి. బొడ్లోని చాకుతో మొదటి పీకకు రెండు గీతలు గీసి, తడిపి, చేతికిచ్చాను. గట్టిమేళం పందిరి అదిరేలా పలికింది.

తాళి కట్టడం అయ్యాక పెళ్లికొడుకు తండ్రి అడిగాడు.

"ఎవరప్పా ఈయమ్మ?"

ఆయన సన్నాయి ఒళ్లో పెట్టుకున్నాడు. పెండ్లామంటే చచ్చినది లేచినట్టవుతుంది. వేరే అబద్ధమేదీ తోచలేదు కాబోలు.

"నా పీకలన్నీ ఈమే చేస్తాది సామీ. మొదట్నుంచీ" అన్నాడు.

తొమ్మిదేళ్ల కాపురంలో వినని మాట. అక్కడే, అందరి ముందూ మళ్లీ ఏడ్చాను.

ఆ తరవాత కూడా జనం వచ్చారు. ఆయన పెండ్లాం కావాలన్నవాళ్లను మేనత్త దగ్గరికి పంపాను. పీకలు కావాలన్నవాళ్లను నా వాకిట్లో కూర్చోబెట్టాను.