కుంకుమ అంటిన చోటు

నా చిన్నప్పుడు మా గ్యారేజీలో కారు పెట్టడానికి చోటుండేది కాదు. పరాయి దేశంలో, రిక్కార్టన్ అనే చోట మేముండే ఆ ఇంట్లో గ్యారేజీ అంతా మా అన్నయ్యదే. ఒక మూల బల్ల, దాని మీద ఉలులు, గరుకు కాగితాలు, కిందంతా చెక్కపొట్టు. అన్నయ్య షూటింగ్ క్లబ్‌లో చేరి కాగితపు గురుల మీద కాల్చడం నేర్చుకునేవాడు. ప్రాణమున్న దాని మీద ఎన్నడూ గురిపెట్టనని అమ్మకు మాటిచ్చాకే ఇంట్లో ఒప్పుకున్నారు.

క్లబ్‌లో అతనికి నేర్పే పెద్దాయన ఒక పాత రైఫిల్ ఇస్తానన్నాడు. ఇనుప భాగం మాత్రమే మిగిలిన తుపాకీ అది. దాన్ని పట్టి ఉంచే చెక్క పాడైపోయింది. కొత్తది నువ్వే చెక్కుకో అని, తన తోటలో గాలికి పడిపోయిన వాల్‌నట్ చెట్టు మొద్దు ఒకటి తెచ్చి ఇచ్చాడు. ఇనుప భాగాన్ని మాత్రం తన ఇంట్లోనే బీరువాలో తాళం వేసి ఉంచి, కొలతలు చూసుకోవాల్సి వచ్చినప్పుడు తీసుకొచ్చేవాడు. ఆ చలికాలమంతా అన్నయ్య స్కూలు నుంచి రాగానే గ్యారేజీలోకి దూరేవాడు. ఆ చెక్క పూర్తి కాకముందే ఒక పొద్దున స్నేహితుడి కారులో వెళ్తుండగా, రోడ్డు మీద పేరుకున్న మంచుకు కారు జారింది. అన్నయ్య మళ్లీ ఇంటికి రాలేదు.

ఆ తర్వాత మా ఇల్లు వింతగా మారిపోయింది. నాన్న ఏడవలేదు. అన్నయ్య ఫొటోలు తీసి లోపల పెట్టేశాడు. వేళకి అన్నం, వేళకి స్కూలు, వేళకి ఆఫీసు. అమ్మకు కళ్లనీళ్లు తిరిగితే "ఊరుకో, చిన్నది చూస్తోంది" అనేవాడు. ఆ చిన్నదాన్ని నేనే. అన్నయ్య పేరు పలకకూడదని ఎవరూ చెప్పకుండానే నాకు అర్థమైపోయింది. అమ్మ దేవుడి గూడు ముందు నిలబడటం మానేసింది.

వసంతం వచ్చాక ఒక శనివారం నాన్న ఆ పెద్దాయనకు ఫోన్ చేశాడు. వాడు మొదలుపెట్టింది నేను పూర్తిచేస్తాను, ఆ ఇనుప భాగం ఒకసారి తెస్తారా అని అడిగాడు. ఆయన తెచ్చాడు. అందులో తూటా ఏదీ లేదని ముందు తను చూసి, తర్వాత నాన్నకు చూపించి బల్ల మీద పెట్టాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను.

ఇనుము చెక్కలో కూర్చోలేదు. ముందు భాగం దిగుతోంది, వెనక భాగం పైకి లేస్తోంది. నాన్న తిప్పి చూశాడు, అరచేత్తో కొట్టాడు, చివరికి స్క్రూలు పెట్టి బిగించడం మొదలుపెట్టాడు.

"ఇంకాస్త టైట్ చేస్తే అదే కూర్చుంటుంది" అన్నాడు, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు.

చెక్క కిర్రుమంది. పెద్దాయన తన చెయ్యి నాన్న చేతి మీద వేసి ఆపాడు. ఆయన ఇంగ్లీషులో మెల్లగా చెప్పిన మాటలు నాకిప్పటికీ గుర్తే. స్క్రూ దేన్నయినా కిందికి లాగుతుంది, చూడ్డానికి సరిపోయినట్టే ఉంటుంది, కానీ లోపల చెక్క వంగిపోతుంది, ఎప్పుడో ఒకనాడు చీలిపోతుంది. బిగించకు, ముందు ఎక్కడ తగులుతోందో కనుక్కో అన్నాడు. ఇనుముకు ఏదైనా రంగు పూసి చెక్కలో పెట్టి తీస్తే, అడ్డొచ్చే చోట ఆ రంగు అంటుకుంటుందట. రంగేమైనా ఉందా అని అడిగాడు.

మా వెనకే అమ్మ ఉందని ఎవరం చూసుకోలేదు. అన్నయ్య పోయాక ఆమె గ్యారేజీ వైపు రావడం అదే మొదలు. లోపలికి వెళ్లి, కుంకుమ భరిణె, కొబ్బరినూనె సీసా తెచ్చింది. భరిణె మూతలోనే రెండూ కలిపి, ఇనుము అడుగున వేలితో పూసింది. పసిపిల్లకు నలుగు పెట్టినంత నెమ్మదిగా పూసింది.

పెట్టి తీశారు. చెక్కంతా శుభ్రంగా ఉంది. వెనక వైపు ఒక్కచోట, గోరంత మేర, ఎర్రగా అంటింది. నాన్న వంగి చూశాడు. ఆ ఎరుపు కింద, చెక్క మీద, పెన్సిల్‌తో గీసిన చిన్న గుర్తు ఉంది.

"వాడికి తెలుసే," అన్నాడు నాన్న అమ్మతో. "ఎక్కడ అడ్డొస్తోందో నా చిట్టితండ్రి ముందే చూసుకున్నాడే. తియ్యడమే మిగిలింది."

ఆ మాటతో నాన్న చెక్కపొట్టు మీదే కూలబడిపోయి, అన్నయ్యను పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చాడు. నాన్న అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. భయమేసి అమ్మను పట్టుకున్నాను. అమ్మ ఆయన్ని ఊరుకోమనలేదు. పక్కన కూర్చుని వీపు నిమిరింది. చాలాసేపటికి ఉలి తీసి ఆయన చేతికిచ్చింది.

"తియ్యండి. వాడైతే ఈపాటికి తీసేసేవాడే కదా."

నాన్న కొంచెం కొంచెంగా చెక్కాడు. పెన్సిల్ గుర్తు పొట్టుగా రాలిపోయింది. అప్పుడు ఏ బలమూ లేకుండానే ఇనుము చెక్కలోకి ఒదిగిపోయింది. నాన్న దాన్ని ఎత్తి భుజానికి ఆనించబోయి దించేశాడు. అన్నయ్యది ఎడమచేతి వాటం. చెంప ఆనే వంపు అతని కోసమే చెక్కుకున్నాడు. "ఇది నాకు కాదు" అన్నాడు నాన్న.

తుపాకీ ఉంచుకోవడానికి మా ఇంట్లో ఎవరికీ లైసెన్సు లేదు. ఆ సాయంత్రం పెద్దాయన ఇనుప భాగం విప్పి తీసుకెళ్లిపోయాడు. చెక్క మాకు మిగిలింది. సరిపోయింది, కానీ దాన్ని పట్టుకోవాల్సినవాడు లేడు. భోజనాల దగ్గర అమ్మ అన్నయ్యకిష్టమైన దోసావకాయ వడ్డిస్తూ అతని పేరెత్తింది. నాన్న ఆపలేదు. ఏడుస్తూనే ముగ్గురం తిన్నాం.

ఇప్పుడు నా జుట్టూ నెరుస్తోంది. డునెడిన్ ఆస్పత్రిలో నర్సుని. అయినవాళ్లను పోగొట్టుకుని వరండాలో కూర్చున్నవాళ్ల దగ్గరికి వెళ్లడం నా పనిలో ఒక భాగం. ధైర్యంగా ఉండండి అని నేను ఎవరికీ చెప్పను. పక్కన కూర్చుంటాను. పోయినవాళ్ల పేరేమిటని అడుగుతాను. ఆ పేరు చెప్పగానే వాళ్ల గొంతు ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. అక్కడ నేనూ ఆగుతాను.