కూర్చున్నవాడి వాటా

తెల్లవారి టీ గ్లాసు చేతికిచ్చాక వనజాక్షి భర్త ముఖం వైపు చూస్తూ నిలబడుతుంది. ఊదుకుని తాగితే ఆ రోజుకు భయం లేదు. గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోతే ఆమె అతని పక్కనే కూర్చుంటుంది.

జువ్వలదిన్నెలో సముద్రపు వేటకైనా వల పనికైనా ఆమె భర్త ముత్యాలయ్యది పేరున్న చెయ్యి. పోయిన కార్తీకంలో పడవను ఒడ్డుకు లాగుతుంటే తాడు తెగి, ఇనుప కొక్కెం అతని తలకు తగిలింది. గాయం మూడు వారాల్లో మానింది. మనిషి మానలేదు. నిద్ర లేదు, ఏదీ గుర్తుండదు, పలకరిస్తే కసురుతాడు. ఒకనాడు "నేనెందుకే మిగిలినాను?" అన్నాడు. అప్పట్నుంచి వనజాక్షి అతన్ని ఒంటరిగా వదలదు.

నెల్లూరులో మనసు జబ్బులు చూసే డాక్టర్ ఉషారాణి, ముత్యాలయ్యను బయట నర్సు దగ్గర కూర్చోబెట్టించి, మళ్లీ అదే అడిగింది. "ఇంతకు ముందెప్పుడైనా ఇట్లా దిగులుపడినాడా?"

మొదటిసారి లేదని చెప్పింది వనజాక్షి, మగవాడి పేరు చెడుతుందని. ఈసారి దాచలేదు. "వాళ్ల తమ్ముడు వేటకు పోయి తిరిగి రాలేదు మేడమ్. రెండు నెలలు గోడవైపు తిరిగి పడుకోనుండినాడు. తాగుడు అప్పుడే అలవాటైంది."

"దెబ్బ ఎంత పెద్దదనేది ఒక్కటే కాదమ్మా. ముందే దిగులున్నవాళ్లకీ, తాగుడున్నవాళ్లకీ, దెబ్బ తగిలినాక పనీ పలకరింపూ లేకుండా పోయినవాళ్లకీ మనసు కుంగే ప్రమాదం ఎక్కువ. మందులు నేనిస్తా. పగలంతా ఏం చేస్తా ఉండాడు?"

"ఏం చెయ్యనియ్యరు మేడమ్. మా ఊరోళ్లు దేవుళ్లు."

ఆ మాట నోటితో అన్నాకే అందులోని తిరకాసు వనజాక్షికి తట్టింది. దెబ్బ తగిలిన మర్నాడే ఊరికి పెద్దయిన కాపు గంగులయ్య దురాయి వేశాడు: ముత్యాలయ్య ఇంటికి రోజూ చేపల వాటా పోవాలి, అతను మాత్రం వల ముట్టకూడదు. దురాయి అంటే ఊరి కట్టుబాటు, దాటడానికి లేదు. ఆ ప్రేమకు కట్టుబడి అతన్ని ఒడ్డుకు పిలిచేవాళ్లే లేకపోయారు.

సాయంత్రం ఆమె పక్కింటివాళ్లను భర్త దగ్గర కూర్చోమని చెప్పి, నేరుగా గంగులయ్య దగ్గరికి నడిచింది. "మామా, రేపట్నుంచి మాకు చేప పంపొద్దు."

"ఏందమ్మే, వాటా చాల్లేదా?"

"ఎక్కువైంది. కూర్చోబెట్టి పెడతా ఉంటే మనిషి మునిగిపోతా ఉండాడు. చినిగిన వల పంపండి."

"వాడికి చేతులు వణుకుతాయి గదే!"

"వణకనీ. ముడి వదులైతే పోయేది చేప, మా ఆయన కాదు గదా."

గంగులయ్య లేచి చినిగిన వలల కుప్ప వైపు నడిచాడు. "చేప వస్తాది, వల కూడా వస్తాది, పో" అన్నాడు.

మర్నాడు నలుగురు మగవాళ్లు వల మోసుకొచ్చి అరుగు మీద పరిచి, తామూ కూర్చున్నారు. ఈ రోజు ఏ వారమో అడిగితే తడుముకునే మనిషి, దారం చేతిలోకి తీసుకున్నాడు. మొదట వేళ్లు వణికాయి. తర్వాత వాటికవే దారి వెతుక్కుంటూ ముడి మీద ముడి వేసుకుపోయాయి. తల మరిచింది వేళ్లలో ఎక్కడ దాగి ఉందో! వనజాక్షి గడప దగ్గరే నిలబడి చూసింది.

"ఈ ముడి వేసిందెవుర్రా, మీ అత్తా?" అన్నాడు ముత్యాలయ్య. అందరూ పగలబడి నవ్వారు.

అతను మళ్లీ వేటకు వెళ్లలేదు. హార్బరు షెడ్డులో మరో నలుగురితో కలిసి వలలు బాగుచేస్తున్నాడు. రాత్రి మాత్ర వేసుకుంటాడు. నెలకోసారి ఇద్దరూ నెల్లూరు వెళ్లి డాక్టరుకు చూపించుకుని వస్తారు.