కాప్రా గుట్టల్లో సగం గుంతలు

మా నాన్న దేవుడికి భయపడేవాడు. కంటోన్మెంటు ఆఫీసులో హెడ్‌క్లర్కుకి ఇంకాస్త ఎక్కువ భయపడేవాడు. అందరికన్నా ఎక్కువగా మా అమ్మకి భయపడేవాడు. ఇంత భయస్థుడికి చెట్ల పిచ్చి పట్టడానికి కారణం ఒక ఇంగ్లీషు దొర. కార్ఖానా పేటలో మా ఇళ్ళ వరస చివరింట్లో ఉండేవాడు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చేస్తోందని (మా హైదరాబాదు రాష్ట్రానికి ఆ కబురు ఇంకా అధికారికంగా అందలేదు) ఏడాది ముందే సామానంతా అమ్మేసి ఓడెక్కాడు. తెలివైనవాళ్ళు కుర్చీలూ పింగాణీ కప్పులూ కొనుక్కున్నారు. మా నాన్న పళ్ళెంలో నాటిన జానెడు చెట్టొకటి మోసుకొచ్చాడు. జపానుదట, అరవై ఏళ్ళదట. మా ఇంట్లో ఇరవై రోజులు బతికింది. అమ్మ ఆ సంతోషం దాచుకోలేదు.

ఇప్పుడు వాటిని బోన్సాయ్ అంటున్నారు. అప్పట్లో మా ఇంట్లో వాటి పేరు పొట్టి చెట్లు. అమ్మ కోపంలో ఉంటే వేరే పేర్లు కూడా ఉండేవి.

నాన్నకి అసలు గురువు మా వెనక సందులో ఉండే తాపీమేస్త్రీ. ఆయన ముస్లిం, ఇంటా బయటా తెలంగాణ తెలుగే మాట్లాడేవాడు. ఆయన పనిలో సగం గోడల్లో మొలిచే రావి మొక్కలు తియ్యడం. హిందువుల ఇళ్ళలో గోడకి రావి మొలిస్తే వాళ్ళు పీకరు. పీకితే పాపం. పీకకపోతే గోడ రెండుగా చీలుతుంది. అందుకని మేస్త్రీని పిలిచేవాళ్ళు. ఆయన ఖాతాలో ఆ పాపం పడదని వాళ్ళకి గట్టి నమ్మకం. ఆయన పగులు కొంచెం తెరిచి, వేరు తెగకుండా మొక్కని లాగి, సున్నంతో పూడ్చి వచ్చేవాడు. నాన్న ఆ మొక్కని తడి గోనెలో చుట్టుకుని ఇంటికి తెచ్చేవాడు.

“గోడలు కూలగొట్టేదాన్ని తెచ్చి పళ్ళెంల కూసోబెడ్తరా సాబ్? గిదేం షౌకు?” అని నవ్వాడు మేస్త్రీ. రెండు నెలల్లో ఆ షౌకు ఆయనకీ అంటుకుంది. తనే సిమెంటుతో పళ్ళేలు పోసి ఇవ్వడం షురూ చేశాడు.

అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు. మిషన్ బళ్ళో లెక్కలు చెప్పేదాన్ని. ఓ శనివారం పొద్దున బయల్దేరుతుంటే మా వరండాలో పక్కింటామె, ఆమె తోడికోడలు ఒక స్టూలు చుట్టూ తిరుగుతున్నారు. స్టూలు మీద జానెడు రావి చెట్టు, దాని మొదట్లో పసుపూ కుంకుమా. నూట ఎనిమిది ప్రదక్షిణలు మొక్కుకున్నారట. “గుడి దగ్గర రావి చుట్టూ అయితే ఒక్కో చుట్టుకీ ఇరవై అడుగులమ్మా, ఇక్కడ నాలుగడుగుల్లో అయిపోతుంది” అని ఆమె నాకు లెక్క చెప్పింది. లెక్కల టీచరుగా నాకు అందులో తప్పేమీ కనబడలేదు. తప్పు మా చర్చి పాస్టరుగారికి కనబడింది. ఆ వారమే ఇంటి ప్రార్థనకి వచ్చిన ఆయన కుంకుమ చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

“సంఘపెద్ద వరండాలో ఏమిటండీ ఇది?”

“వృక్షశాస్త్రమండీ” అన్నాడు నాన్న.

ఆ తరవాత రావిని పెరట్లోకి మార్చారు, ఆ తోడికోడళ్ళిద్దరూ పెరటి గుమ్మం గుండా వచ్చి తిరిగారు.

గోడ మొక్కలతో నాన్నకీ మేస్త్రీకీ తనివి తీరలేదు. అసలు సరుకు ఊరి బయట కాప్రా గుట్టల్లో ఉందని మేస్త్రీ కనిపెట్టాడు. చెరువు దాటాక రాళ్ళ మధ్య మొలిచిన చింతలూ రేగులూ ఏళ్ళ తరబడి మేకలు కొరికీ కొరికీ మోకాలెత్తున ఆగిపోయి ఉండేవి. మొదలు మాత్రం ముసలి చెట్టులా లావుగా, ముడతలు పడి ఉండేది. జపానువాళ్ళు తరాల తరబడి చేసే పనిని ఇక్కడ మేకలు జీతం లేకుండా చేస్తున్నాయి. అలాంటిదాన్ని ఒక్కసారిగా పెకలిస్తే చస్తుంది. ఈ ఏడు వానల్లో చెట్టు చుట్టూ సగం మేరకే తవ్వి, అటు వేళ్ళు కోసి, గుంత పూడ్చెయ్యాలి. కొత్త వేళ్ళు పడ్డాక వచ్చే ఏడు రెండో సగం. ఆ పైయేడు లేపడం. ఏ సగం అయిందో మర్చిపోకుండా పక్క రాయి మీద సున్నంతో గుర్తు పెట్టాలి. వాళ్ళిద్దరూ తవ్వేవాళ్ళు, సున్నం డబ్బా నేను మోసేదాన్ని. వేళ్ళూ నేలా మనిషీ అంటూ ఇక్కడ నేనేదో గంభీరంగా అంటానని మీరనుకుంటే, అనను. చెట్లకి వేళ్ళుండేవి, మా నాన్నకి నడుంనొప్పి ఉండేది.

పదకొండు చెట్లకి రెండో సగం తవ్వి నెల తిరక్కుండానే సైన్యం వచ్చింది. దానికి పోలీసు చర్య అని పేరు పెట్టారు. ట్యాంకులెక్కి వచ్చే పోలీసుల్ని నేను అప్పుడే చూడడం. నాలుగైదు రోజుల్లో అంతా అయిపోయింది. రజాకార్లు తుపాకులు పాతిపెట్టి పారిపోయారని పుకారు లేచింది. వెతకడానికి కాప్రా వైపు వెళ్ళిన సిపాయిలకి పదకొండు గుంతలు కనబడ్డాయి. కొత్త మట్టి, పక్కనే సున్నం గుర్తులు. ఎవరు తవ్వారని మేకల కాపర్లని అడిగితే మేస్త్రీ పేరు చెప్పారు. నాన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. సిపాయిలు అడిగింది గడ్డం ఉన్నవాళ్ళ గురించే కాబోలు.

ఆ సాయంత్రం మేస్త్రీ భార్య మా ఇంటికి వచ్చింది.

“ఆయన్ను పట్కపోయిన్రు సాబ్. మీరిద్దరు కలిసే తవ్విన్రు గదా, జెర పోయి చెప్పుండ్రి. మీరు ఆఫీసుల ఉంటరు, మీ మాట ఇంటరు.”

“రేపు పొద్దున్నే వెళ్తానమ్మా” అన్నాడు నాన్న.

ఆమె అటు వెళ్ళగానే నాన్న వరండాలో పళ్ళేలన్నీ ఒక్కొక్కటే లోపలికి తెచ్చి మంచం కిందికి తోశాడు. గునపం అటకెక్కింది. మర్నాడు ఒళ్ళు వెచ్చగా ఉందన్నాడు. ఆ మర్నాడు హెడ్‌క్లర్కుని అడక్కుండా వెళ్తే బాగోదన్నాడు. ఆయన్ని తిట్టనిది నాకు నోరు లేక కాదు. నేనూ వెళ్ళలేదు. సున్నం డబ్బా మోసిన చేత్తోనే ఆ రెండు రోజులూ బోర్డు మీద భిన్నాలు రాశాను. ఇప్పటికీ తల్చుకుంటే నాకు సిగ్గేస్తుంది.

మూడో రోజు అమ్మ మంచం కింద నుంచి ఒక పళ్ళెం లాగి నాన్న చేతిలో పెట్టింది.

“ఇది పట్టుకుని మీరు వెళ్ళండి. లేదంటే నేను వెళ్తాను. నేను వెళ్తే రెండూ చెప్తాను, మీరు తవ్విన సంగతీ, మంచం కింద దాచిన సంగతీ.”

నాన్న కోటు తొడుక్కున్నాడు. నేనూ వెంట వెళ్ళాను.

మేస్త్రీని ఉంచిన మిలిటరీ క్యాంపులో, ఒక రేకుల షెడ్డులో సన్న మీసాల ఆఫీసరు కూర్చునున్నాడు. నాన్న అర్జీలు రాసే ఇంగ్లీషులో చెట్ల సంగతంతా చెప్పాడు. ఆఫీసరు పళ్ళెంలో రావిచెట్టుని వేలితో కదిపాడు.

“ఇది పెరగదా?”

“పెరగనివ్వమండి.”

“ఎందుకు?”

“చూడ్డానికండి.”

“చూడ్డానికి పెద్ద చెట్లు లేవా?”

ఈ ప్రశ్న అమ్మ రెండేళ్ళుగా అడుగుతోంది. నాన్న పళ్ళెం మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. తవ్వితే తేలిపోతుందని ఆఫీసరు లేచాడు. మమ్మల్నీ, చేతులు కట్టిన మేస్త్రీనీ ఒకే లారీలో కాప్రాకి తీసుకెళ్ళారు. దారంతా నాన్న మేస్త్రీ మొహం చూడలేదు, ఒళ్ళో పళ్ళెం చూస్తూ కూర్చున్నాడు.

సిపాయి మొదటి చింతచెట్టు పక్కన పార వేశాడో లేదో, మేస్త్రీ గట్టిగా అరిచాడు.

“అరె, గా దిక్కు కాదు! గాడ కొత్త వేళ్ళు పడ్డయి, సస్తది! తవ్వాల్నంటే మట్టి ముద్దతోని లేపుండ్రి!”

ఏమంటున్నాడని ఆఫీసరు అడిగాడు. నాన్న ఇంగ్లీషులో చెప్పాడు. ఆఫీసరు మేస్త్రీ చేతులు విప్పించి, పార ఇప్పించాడు. మేస్త్రీ మోకాళ్ళ మీద కూర్చుని ఆ చెట్టుని మట్టితో సహా పసిబిడ్డని ఎత్తినట్టు లేపాడు. కింద రాళ్ళున్నాయి. మిగతా పదీ సిపాయిలే తవ్వారు, వాళ్ళ పద్ధతిలో. వాటి కిందా రాళ్ళే ఉన్నాయి. చెట్లు వేళ్ళు పైకెట్టుకుని ఎండలో పడున్నాయి. ఇక వెళ్ళమన్నారు.

ఇంటికి నడిచే వచ్చాం. మేస్త్రీ భుజం మీద ఆ చింతచెట్టు. మా ఇంటి ముందుకి వస్తుండగా నాన్న అడిగాడు.

“నా పేరెందుకు చెప్పలేదు భాయ్? మూడు రోజులు.”

“చెప్తే మిమ్ముల సుత పట్కపోతుండిరి. మల్ల మొక్కలకు నీళ్ళెవరు పోస్తరు?”

నాన్న నడక ఆపేశాడు. వీధిలో జనం ఉన్నారు, ఆఫీసు నుంచి ఇళ్ళకి వస్తున్నవాళ్ళు ఉన్నారు. అందరికీ వినబడేలాగే చెప్పాడు.

“నేను భయపడి ఇంట్లో కూర్చున్నాను భాయ్. మొక్కల్ని మంచం కింద దాచాను. వాటికీ నీళ్ళు పొయ్యలేదు.”

మేస్త్రీ చెట్టుని కిందికి దించి, మా వరండా మెట్టు మీద కూలబడ్డాడు.

“గట్లనా? అయితే ముందుగాల నాకు పొయ్యుండ్రి సాబ్.”

వరండాలో కూర్చున్న అమ్మ లేవబోతే నాన్న వద్దన్నాడు. తనే లోపలికి వెళ్ళి చెంబు తెచ్చాడు. తొందరలో సగం మెట్ల మీదే ఒలికింది. మళ్ళీ వెళ్ళి తెచ్చాడు.