అమ్మ వెనక్కి తీసుకోని ప్రశ్న

మా ఊరి వాళ్లం నోరు తెరిచి నవ్వితే ఎక్కడైనా దొరికిపోతాం. పళ్ల మీద పసుపు గీతలు చూసి, "మీది దేవరకొండ దిక్కా సిస్టరమ్మా?" అని పాలమూరు దవాఖానలో రోగులు కూడా నన్ను అడుగుతుంటారు. అక్కడ నేను నర్సును. అవును, ఆ దిక్కే అంటాను. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్లం. నాకు పళ్లతో పోయింది. మా నాయినకు ఎముకల దాకా పాకింది. నడుము వంగిపోయింది, మోకాళ్లు బిగుసుకుపోయాయి, మెడ తిరగదు. పక్కన కూర్చున్న మనిషిని చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. పెళ్లినాటికి నిటారుగా, గుమ్మం తగిలేంత ఎత్తు ఉండేవాడని అమ్మ చెబుతుంది. నాకు గుర్తున్న నాయిన మాత్రం చేతికర్ర పట్టుకున్న నాయినే.

మా వాడలో రేకుల కప్పు వేసిన చిన్న చర్చి ఉంది. ఆదివారం పాటలూ వాక్యమూ అయ్యాక సాక్ష్యాలు చెప్పుకుంటాం. ఎవరైనా లేచి ఆ వారం దేవుడు తమకు చేసిన మేలు చెబుతారు. బర్రె ఈనిందని, జరం తగ్గిందని, పిల్ల పాసయిందని. చివర "దేవునికే మహిమ" అంటే మేమందరం "స్తోత్రం" అంటాం. మేలు జరగనివాళ్లు లేవరు, తలొంచుకుని కూర్చుంటారు. చిన్నప్పటి నుంచీ నేను చూసిన పద్ధతి అదే.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు మా వాడలో నల్లాలు పెట్టారు, కృష్ణా నీళ్లు వచ్చాయి. ఆ ఆదివారం నేను సెలవు పెట్టుకుని మరీ ఇంటికి వచ్చాను. మా పాస్టరుగారిని అయ్యగారు అంటాం. వయసులో నాకంటే చిన్నవాడు, మెత్తని మనిషి. ఆ రోజు బైబిల్లో ఎడారి చేదు నీళ్ల వాక్యం చెప్పారు. దప్పికతో జనం సణిగితే దేవుడు ఒక చెట్టును చూపించాడు, దాన్ని ఆ చేదు నీళ్లలో వేయగానే అవి తియ్యగా మారాయి. "మన నీళ్లు కూడా తియ్యగా మారాయి, లేచి సాక్ష్యం చెప్పండి" అన్నారు. ఒకరి తరువాత ఒకరు లేచారు. ఒక ముసలమ్మ అయితే నల్లా తిప్పి చూసుకున్న సంగతి చెబుతూ ఏడ్చేసింది. అప్పుడు మా అమ్మ లేచింది.

"ప్రభువా, నీళ్లిచ్చినవు, వందనాలు. ఉత్తగ అంటలేను, మనసుతోనే అంటున్న. కని ఒక్కటి అడుగుత. ఎడారిల గా మంది నీ మీద సణిగిన్రు. సణిగినోళ్లకు ఎంటనే నీళ్లు తీపి జేసినవు. మేం సణగలే. నువ్విచ్చిన నీళ్లేనని దండం పెట్టుకోని తాగినం. నా పెనిమిటి నడుం వంగేదాంక తాగిండు. గిన్నేండ్లు మేం నీకు కనవడలేదా? గా చెట్టు మా దిక్కు ఎందుకు సూపెట్టలే? నాకు తెల్వాలె. అందుకే అడుగుతున్న."

అంతే, కూర్చుంది. చివర అనాల్సిన మాట అనలేదు. దాంతో మేం ఏమనాలో ఎవరికీ తోచలేదు. ముందు వరుసలో ఎవరో "స్తో..." అని మొదలుపెట్టి మింగేశారు. నాకు ఒక్క క్షణం నవ్వొచ్చింది. నాయిన తలుపు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. ఆయన మొహం నాకు కనపడలేదు.

ఆరాధన అయ్యాక సంఘ పెద్ద మమ్మల్ని ఆపాడు. అమ్మకు వరుసకు బావ అవుతాడు. "ఏందమ్మా గది? నీళ్లొచ్చిన నాడు దేవుని మీద ఫిర్యాదు జేస్తరా? పిల్లలు ఇంటలేరా? తప్పయిందని లేసి చెప్పు. అది చెప్పినంకనే నీకు బల్ల."

నాకు సర్రున కాలింది. బల్ల అంటే ప్రభువు బల్ల, నెలకొకసారి అందరం తీసుకునే రొట్టె, ద్రాక్షరసం. బాప్తిస్మం తీసుకున్నప్పటి నుంచి అమ్మ ఏనాడూ దాన్ని తప్పలేదు. ముందురోజే తెల్లచీర ఉతికి ఆరేసుకుంటుంది, పొద్దున పచ్చి మంచినీళ్లు కూడా ముట్టదు. కూలిపని చేసిన వారమంతా ఒక ఎత్తు, ఆ రొట్టెముక్క ఒక ఎత్తు ఆమెకు. దాన్ని ఆపుతానంటాడా! "పెదనాయినా, నువ్వు మా నాయిన నడుం ఎన్నడన్న సూసినవా?" అని నేను మీదికి పోబోయాను.

"నువ్వు నోర్మూయ్ బిడ్డా" అంది అమ్మ నాతో. తరువాత ఆయనతో, "తప్పయిందని ఎట్లంట బావా? నా మనసుల గా ప్రశ్న ఉండంగ లేదంటే అబద్ధ సాక్ష్యమైతది. గదైతే పాపం" అంది.

పాలమూరు వెళ్లాక ఫోను చేసి నా వంతు నేనూ నస పెట్టాను. నీళ్లు రాకపోవడం సర్కారు తప్పు, దేవుణ్ణి ఎందుకు లాగుతావు అన్నాను.

"సర్కారును ఓట్లప్పుడు అడిగిన. ఇప్పుడు నా దేవుణ్ణి అడుగుతున్న."

"అయితే దేవరకొండల వేరే చర్చికి పోరాదు?"

"నేనెందుకు పోవాలె? గీ చర్చి కట్టేటప్పుడు ఇటుకలు మోసిన."

"దేవుని మీద నీకు కోపం ఉన్నదా అమ్మా?"

"ఉన్నది. గందుకే పోతున్న. కోపమొస్తే నీ లెక్క మాట బంద్ జేసేదాన్ని కాదు నేను."

దెబ్బ నాకూ తగిలింది, అలిగితే నేను ఫోను ఎత్తని మాట నిజమే. గొంతు తగ్గించి, తనకున్న అసలు ఫికర్ చెప్పింది. "మీ నాయిన ఒక్క ముచ్చట మాట్లాడలే బిడ్డా. ఆయన నడుం సంగతి నలుగుట్ల జెప్పిన. నామోషైందో ఏమో. బల్ల గూడ ఇయ్యరేమో." చెబుతూ చెబుతూ ఏడ్చింది. మా అమ్మ ఏడుపు నాకు అలవాటు లేదు. నేనూ ఏడ్చాను.

బల్ల ఇచ్చే ఆదివారం మళ్లీ వచ్చాను. అమ్మ తెల్లచీర కట్టుకుని అందరితోపాటు ముందుకు వెళ్లి చాప మీద మోకరించింది. అయ్యగారు రొట్టె పళ్లెం పట్టుకుని వరుసగా ఇస్తూ వస్తున్నారు. పక్కనే సంఘ పెద్ద. అమ్మ దగ్గరికి రాగానే ఆయన వంగి, "చెప్తవా మరి?" అన్నాడు.

"నా మాట గదే బావా" అంది అమ్మ చేతులు చాపి.

అయ్యగారు ఒకసారి అమ్మ మొహం చూశారు, ఒకసారి పెద్ద మొహం చూశారు. పళ్లెం పక్క మనిషి దగ్గరికి జరిగింది. అమ్మ చేతులు అలాగే చాచి ఉన్నాయి. లేవలేదు, కదల్లేదు.

మోకరించలేని వాళ్లకు అయ్యగారే కుర్చీ దగ్గరికి వెళ్లి ఇస్తారు. అలాగే వెళ్లి నాయిన చేతిలో రొట్టెముక్క పెట్టారు. నాయిన నోట్లో వేసుకోలేదు. ముక్కను అరచేతిలో బిగించి, కర్ర మీద బరువేసి లేచాడు. తలుపు దగ్గరి నుంచి చాప దాకా రావడం ఆయనకు చిన్న పని కాదు. అందరూ చూస్తూ ఉండిపోయారు. నేను లేచి పట్టుకోబోతే మోచేత్తో పక్కకు నెట్టాడు. వచ్చి అమ్మ ముందు నిలబడ్డాడు. ఆమెకు అందించడానికి కొత్తగా వంగాల్సిన పని లేదు, ఆయన వంగే ఉన్నాడు. సరిగా ముడుచుకోని వేళ్లతో ఆ ముక్కను రెండు చేసి సగం అమ్మ చేతిలో పెట్టాడు.

"తీస్కో" అన్నాడు. తరువాత ఒళ్లంతా తిప్పి సంఘ పెద్ద వైపు చూశాడు. "గా ప్రశ్న నా నడుం గురించే. ఎనకకు తీసుకునుడుంటే నేను తీసుకోవాలె. నేను తీసుకోను."

మా నాయిన చర్చిలో అన్ని మాటలు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. పెద్ద ఏదో అనబోయాడు. కానీ అయ్యగారు అప్పటికే ద్రాక్షరసం గిన్నె తీసుకుని అమ్మ ముందు మోకరించారు. "తీసుకోమ్మా" అన్నారు.

అమ్మ రొట్టె తిన్నది, రసం తాగింది, కొంగుతో మూతి తుడుచుకుంది. కళ్లు మూసుకుని, అందరికీ వినపడేలా అంది.

"నీ బల్ల తీసుకున్న ప్రభువా. నా ప్రశ్న గట్లనే ఉన్నది. జర యాదుంచుకో."

నాయిన చెయ్యి పట్టుకుని లేచింది. ఇద్దరూ మెల్లగా నడిచి వస్తుంటే చాప మీదివాళ్లు జరిగి దారి ఇచ్చారు. నర్సు ఉద్యోగం వచ్చిన నాడు మా వాడంతా నన్ను చూసి మురిసింది. నేను మాత్రం వాళ్లిద్దరి బిడ్డనని అంతగా మురిసింది ఆ ఆదివారమే.